సర్దుబాటు శిక్షణ

ఒక పెద్ద అడవిలో, వాగు ఒడ్డున చెమ్మాయి అనే నత్త ఉండేది. నత్త ఒంట్లో ఆడా మగా రెండూ ఉంటాయి. అయినా గుడ్లు పెడుతూ కనబడిందని అడవి మండలి ఆమెను ఆడవాళ్ల కిందే జమకట్టింది. ఆ తర్వాత మర్యాదలూ అలాగే జరిగాయి.

దారిన పోయే ముంగిస రోజూ ఆమెను కాలితో పొడిచేవాడు. చెమ్మాయి చటుక్కున గుల్లలోకి ముడుచుకునేది. వాడు పడీపడీ నవ్వేవాడు. మేత వేళంతా గుల్లలోనే గడిచిపోతోందని ఆమె మండలికి ఫిర్యాదు చేసింది.

"ఎవరో పొడిస్తే నువ్వెందుకమ్మా ముడుచుకోవడం?" అన్నాడు అధ్యక్షుడు ఏనుగు. "మా ఆవిడ ఏనాడైనా ముడుచుకుందా?"

"ఆవిడకు గుల్ల లేదు కదండీ."

"చూశారా, మాటకు మాట!"

మండలి ఆమెకు సర్దుబాటు శిక్షణ మంజూరు చేసింది. శిక్షకుడు ముంగిసే. ఆ పనిలో అనుభవం అతనికే ఎక్కువట! పరీక్షలో ముడుచుకుంటే గుడ్లు వదిలేసి ఒడ్డు ఖాళీ చేయాలి.

గుడ్లవైపు చూసుకుని చెమ్మాయి ఒప్పుకుంది.

ముంగిస మొదట మెల్లగా తట్టాడు. తట్టగా తట్టగా ఆమెకు అలవాటై, ముడుచుకోవడం మానేసింది. అక్కడితో ఆపితే సరిపోయేది. కానీ ముడుచుకోకపోతే వాడికి సరదా ఏముంది? తన వాసన ఆమెకు తగలగానే గండుచీమ చేత కుట్టించడం మొదలుపెట్టాడు.

"ఇది పై తరగతి పాఠం!" అన్నాడు.

ఒకసారి కుట్టించి టీకి వెళ్లేవాడు. ఇంకోసారి కుట్టించి కునుకు తీసేవాడు. మండలి ఉద్యోగం మరి.

పరీక్ష రోజు ఏనుగు తొండంతో తట్టాడు. చెమ్మాయి ఆకు నములుతూనే ఉంది. ఎలుగుబంటి తట్టాడు. నములుతూనే ఉంది.

"అంతా నా శిక్షణేనండీ!" అంటూ ముంగిస పొదలోంచి వచ్చాడు.

ముట్టుకోనేలేదు. వాసనకే చెమ్మాయి గుల్లలోకి మాయమైంది. వాడు వెనక్కి వెళితే బయటికి వచ్చింది. మళ్లీ వస్తే మళ్లీ లోపలికి. సభ గొల్లుమంది.

"నిన్ను చూస్తేనే ఈ రోగమేమిటయ్యా?" అన్నాడు ఏనుగు.

"రోగం కాదు అధ్యక్షా, జ్ఞాపకం," అంది డాక్టరమ్మ గుడ్లగూబ. "ఒకే ఊపున కుట్టించేసి ఉంటే త్వరగానే మరిచిపోయేది. ఈయన విరామాలిచ్చి మరీ కుట్టించాడు. ఆ విరామాల్లో ఈమె నాడీకణాలు కొత్త ప్రొటీన్లు తయారుచేసుకుని, ఒకదానివైపు ఒకటి కొత్త కొమ్మలు వేసుకున్నాయి. ఇక తేలిగ్గా పోదు."

"అయితే పాఠం బాగా వంటబట్టినట్టేగా?" గుల్లలోంచి అడిగింది చెమ్మాయి.

ఏనుగు చెవులు విసురుకుంటూ ఆలోచనలో పడ్డాడు. శిక్షణ దండగైందంటే మండలి పరువు పోతుంది. దిగ్విజయం అనాలంటే నత్త ముడుచుకోకూడదు. నత్త ముడుచుకోకూడదంటే ముంగిస ఆ చుట్టుపక్కల ఉండకూడదు.

ముంగిసను కొండ అవతలికి బదిలీ చేసి, శిక్షణ దిగ్విజయం అని చాటింపు వేయించారు. చెమ్మాయి గుడ్లు ఆ ఒడ్డునే పిల్లలయ్యాయి.

నీతి: ఆడవాళ్లకు బుద్ధి చెప్పకండి, నిజంగానే వచ్చేస్తుంది.