మడరంగు చేతులు

ఆ పొద్దున పల్లంరాజు వేసుకున్న ఏర్పాటులో కష్టమేమీ లేదు. చద్దన్నం తినాలి, ఉతికిన పంచె కట్టుకోవాలి, కాలవగట్టు వెంట కోరంగి బంగళాకు నడవాలి, రేంజరు చంద్రరావు గారికి దణ్ణం పెట్టి, అడవి గార్డు ఉద్యోగంతో ఇంటికి రావాలి. కిందటి తుఫానులో అతని పడవ సముద్రం పాలయింది. అప్పటినుంచి ఊళ్ళోవాళ్ళ పడవల్లో కూలికి పోతున్నాడు; పని దొరకని రోజున ఇంట్లో పొయ్యి వెలగదు. సర్కారు వారు సముద్రపుటొడ్డున ఉన్న మడ అడవిని రిజర్వు చేశారనీ, దాన్ని కాపాడటానికి మనుషుల్ని తీసుకుంటున్నారనీ తెలిసినప్పుడు, పోయిన పడవ తిరిగొచ్చినంత సంబరపడ్డాడు.

చద్దన్నం ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ముద్ద పట్టుకున్న చెయ్యి మోచేతిదాకా ఎర్రగా ఉంది. రెండో చెయ్యి చూసుకున్నాడు. అదీ అంతే.

"లోవా, నా చేతులు చూడవే."

"చూశాను మావా. రంగు బాగా పట్టింది," అంది పెళ్ళాం లోవలక్ష్మి మురిపెంగా.

పట్టదా మరి! ఉప్పునీళ్ళకు వలలు కుళ్ళిపోకుండా మడచెట్టు బెరడు ఉడకబెట్టి, ఆ కషాయంలో ముంచడం వాళ్ళ తాతలనాటి పద్ధతి. ఏ కొత్త పని మొదలెట్టినా ముందురోజు వలకు రంగేసి గంగమ్మకు చూపించడం ఆ ఇంటి ఆనవాయితీ. పడవ పోయినా వల మిగిలే ఉంది. అందుకని నిన్న మొగుడూ పెళ్ళాం అడవిలోకెళ్ళి, బెరడు వలుచుకొచ్చి, కాగులో ఉడికించి, వలకు రంగేసి, "తల్లీ, అడవిని కాపాడే ఉద్యోగం ఇప్పించు" అని మొక్కుకున్నారు. ఆ బెరడు వలవడమే ఇప్పుడు నేరమని ఇద్దరిలో ఒక్కరికైనా తట్టలేదు. అన్నం తినడం నేరమంటే ఎవరికి మాత్రం తడుతుంది?

ఇప్పుడు తట్టింది. కిందటి నెలలో పక్కూరి వాళ్ళిద్దరిని చంద్రరావు గారు చేతుల ఎరుపు చూసే పట్టుకున్నారు. వాళ్ళింకా కాకినాడ జైల్లోనే ఉన్నారు. పోనీ, వెళ్ళడం మానేద్దామా అంటే, పేరు రాయించుకున్నవాడు రాకపోతే ఎందుకు రాలేదని జవాను ఇంటికే వస్తాడు. ఇంట్లో వల ఇంకా ఆరలేదు.

లోవలక్ష్మి ధైర్యస్తురాలు. పెరట్లో మూలపడి తుప్పు పట్టిన ఇనప మూకుడు తెచ్చి, నీళ్ళుపోసి, చింతపండు పిసికి, మొగుడి చేతులు అందులో ముంచి రుద్దింది. బెరడు రంగుకు ఇనప తుప్పు తగిలితే సిరా అయి కూర్చుంటుందని పాపం ఆమెకేం తెలుసు. తోమినకొద్దీ చేతులు నల్లబడుతూ వచ్చాయి. చివరికి బొగ్గులు నయమనిపించాయి.

"ఎరుపైతే పోయింది కదా మావా," అంది నెమ్మదిగా.

ఆవిడే పాత చీర చింపి రెండు చేతులకూ కట్లు కట్టింది. "గంజి పడి కాలిందని చెప్పు. కాలిన పుండుని ఎవరూ విప్పి చూడరు."

బంగళా అరుగుమీద అప్పటికే ఎనిమిది మంది ఉన్నారు. అందరూ వరిచేల ఊళ్ళవాళ్ళు, తెల్లటి చేతులవాళ్ళు. జవాను తాతాజీ కట్లు చూసి దగ్గరికొచ్చాడు. గంజి పడి కాలిందని చెప్పాడు పల్లంరాజు.

"అయ్యో, రెండు చేతులమీదా పడిందా గంజి? అదెలా పడింది?"

"ఒక చెయ్యి కాలిందని రెండో చేత్తో గిన్నె పట్టుకున్నానండి."

తాతాజీ జాలిగుండె కరిగిపోయింది. పల్లంరాజు వద్దండీ వద్దండీ అంటున్నా వినకుండా, రేంజరు గారి వెంట వచ్చిన కాంపౌండరు అమ్మిరాజును లాక్కొచ్చాడు. ఈ అమ్మిరాజు మూడు రోజులుగా చలిజ్వరం మందు పొట్లాలు కట్టికట్టి విసిగిపోయి ఉన్నాడు. వైద్యానికి తగిన రోగి ఒక్కడూ దొరకలేదని అతని బాధ. కట్టు విప్పాడు. రెండడుగులు వెనక్కి వేశాడు.

"రేంజరు గారూ, ఒకసారి ఇలా రండి. కుళ్ళు పట్టేసింది."

చంద్రరావు గారు బయటికొచ్చి కళ్ళజోడు సవరించుకున్నారు. అమ్మిరాజు చేతిమీద గట్టిగా గిల్లి, "నొప్పి పుట్టిందా?" అన్నాడు. అరిస్తే ఏమవుతుందోనని పల్లంరాజు పళ్ళ బిగువున, "లేదండి," అన్నాడు.

"చూశారా, స్పర్శ కూడా పోయింది."

"వేళ్ళు కదులుతున్నాయండి," అన్నాడు పల్లంరాజు ఆశగా.

"అవి ఆఖరి కదలికలు. మోచేతుల దగ్గర తీసెయ్యాలి. ఆలస్యమైతే భుజాలదాకా పోతుంది. తాతాజీ, లాకుల దగ్గర వడ్రంగి పని జరుగుతోంది, రంపం అడిగి పట్రా."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. చేతులుంటే జైలు, జైలు వద్దంటే చేతులుండవు. చేతుల్లేనివాణ్ణి ఎవరు పనిలో పెట్టుకుంటారు? జైల్లో ఉన్నవాడి పెళ్ళానికి ఎవరు ఇంత ముద్ద పెడతారు? ఎటూ తేలకముందే రంపం వచ్చింది. దాని పళ్ళలో కొయ్యపొట్టు ఇంకా అంటుకునే ఉంది. ఇద్దరు మనుషులు అతని భుజాలు పట్టుకున్నారు.

"రోగం కాదండి బాబూ, మడ బెరడండి. నిన్న వలకి రంగేశానండి. జైలుకి పంపించండి, చేతులు మాత్రం ఉంచండి," అని రేంజరు గారి కాళ్ళమీద పడ్డాడు. ఇనప మూకుడు సంగతీ గంగమ్మ మొక్కూ అన్నీ కక్కేశాడు. అమ్మిరాజు రంపం పక్కన పెట్టాడు, కాస్త దిగులుగానే.

చంద్రరావు గారు వంగి ఆ నల్లటి చేతులు అటూ ఇటూ తిప్పి చూశారు.

"వలిచిన చెట్టు చచ్చిందా?" అన్నారు చివరికి.

"ఎందుకు చస్తుందండి? ఒక పక్కన జానెడు మేరే వలుస్తామండి, రెండేళ్ళకి మళ్ళీ కమ్ముకుంటుంది. చుట్టూతా వలిస్తే కదండీ చచ్చేది. కట్టెల కంట్రాక్టు మనుషులు అలాగే చేస్తారండి, ఎండిపోతే కొట్టుకోవచ్చని. చెట్టు చస్తే పైఏడు మా వలలు దేంట్లో ముంచుతామండి?"

రేంజరు గారి మొహం మారిపోయింది. అడవిలో చెట్లు నిలువునా ఎందుకు ఎండుతున్నాయో తెలియక, ఎనిమిది నెలలుగా ఆయన పై కచేరీకి పురుగని రాస్తున్నారు. ఆ పొద్దున తెల్లచేతుల ఎనిమిది మందినీ అదే అడిగితే ఏడుగురు పురుగన్నారు, ఒకడు దిష్టన్నాడు.

"ఇవాళ్టినుంచే నువ్వు గార్డువి," అన్నారు. పల్లంరాజు నమ్మలేదు. కాళ్ళు వదల్లేదు. "కానీ ఒప్పుకున్నాక నేరం నేరమేరా. కేసు రాయక తప్పదు. ఈ నెల ఒక్క దొంగనీ పట్టలేదని నామీద తాకీదు కూడా వచ్చింది."

పల్లంరాజు మళ్ళీ భోరుమన్నాడు.

"ఏడవకు. గార్డువి నువ్వే కాబట్టి, దొంగని నువ్వే పట్టుకున్నావని రాస్తాను. మొదటి తప్పు గనక మందలించి వదిలేశామని రాస్తాను. దొంగగా ఇక్కడొకటి, గార్డుగా ఇక్కడొకటి వేలిముద్ర వెయ్యి."

పల్లంరాజు రెండు చోట్లా వేశాడు. కాగితం కాకినాడ వెళ్ళింది. ఆ నెలంతా అతనికి కంటిమీద కునుకు లేదు. అడవిలో ఆకు కదిలినా తనను పట్టుకోవడానికి ఎవరో వస్తున్నారనిపించేది. నెల తిరిగేసరికి పై కచేరీ నుంచి జవాబు రానే వచ్చింది: దొంగ పల్లంరాజు మళ్ళీ అడవిలో అడుగు పెట్టకుండా గార్డు పల్లంరాజు రాత్రింబవళ్ళు వాడి వెంటే ఉండవలెను.