హంతకులు లేని జాతికి టికెట్లెవరు కొంటారు?

ప్రతి జాతికీ ఒక మంచి హంతకుల ముఠా ఉండి తీరాలి. లేనివాళ్ళను చూస్తే నాకు నిజంగా జాలేస్తుంది!

నవ్వకండి. మా తాతలు ఇటలీలో ఓడెక్కి ఫిలడెల్ఫియాలో దిగిన రోజుల్లోనే నార్వే వాళ్ళూ దిగారు. పాపం, బుద్ధిగా బతికారు. వడ్రంగం చేశారు, ఆదివారాలు చర్చికి వెళ్ళారు, చేపలు తిన్నారు, పోయారు. ఇవాళ వాళ్ళ వీధి చూడటానికి ఎవరైనా బస్సు కట్టించుకుని వస్తున్నారా? మా వీధికి రోజుకు మూడు బస్సులు! శని, ఆదివారాల్లో ఐదు!

ఇదంతా మా మాఫియా పెట్టిన భిక్ష. కాదనేవాడు కృతఘ్నుడు.

మా అమ్మాయి లొరెట్టా పళ్ళ డాక్టరు. బోర్డు మీద మా ఇంటిపేరు కార్డరెల్లి అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. పేషెంట్లు చెప్పిన టైముకు పది నిమిషాలు ముందే వచ్చి కూర్చుంటారు. "నొప్పి పుడితే చెప్పండి" అంటే ఇంతవరకు ఒక్కరూ చెప్పలేదు! మా పక్కింటాయన నా నిచ్చెన పట్టుకెళితే మర్నాడే తుడిచి మరీ తెచ్చిస్తాడు. మా బావమరిది ఎల్వియో లెక్కల మాస్టారు. పిల్లిని చూసినా దారి మార్చుకునే మనిషి. అయినా అతని క్లాసులో పిల్లలు ఊపిరి కూడా అనుమతి అడిగి తీసుకుంటారు. నార్వే మాస్టారికి దక్కుతుందా ఈ మర్యాద?

ఇక నా సంగతి. మూడు తరాలుగా మాది గోడలకు సున్నం పని. నలభై ఏళ్ళు ఈ ఊళ్ళో గోడల కన్నాలు పూడ్చి రిటైరయ్యాను. ఆ తర్వాత ఒకరోజు మూలమీది హోటలు నడిపే విటాలియానో కబురు పెట్టాడు.

"అన్నా, ఈ గోడకి ఐదు బుల్లెట్ కన్నాలు కావాలే."

"ఎవడ్రా కాల్చింది?"

"ఎవడూ కాల్చలేదు, అదే గదా నా ఏడుపు! ఎదురు హోటలోడికి మూడున్నాయి. జనమంతా అటే పోతున్నారు."

డ్రిల్లింగ్ మెషీన్ పట్టుకెళ్ళి ఐదూ పెట్టాను. ఒకటి చెయ్యి జారి బాగా కిందికి పోయింది. ఇప్పుడు టూరిస్టులు దాని ముందు టోపీలు తీస్తున్నారు. మోకాళ్ళ మీద పడి ప్రాణభిక్ష అడుగుతున్నవాణ్ణి కాల్చారట అక్కడ! మా తాత ఈ ఊరి నాటకశాల పైకప్పుకు సున్నంతో ద్రాక్షగుత్తులు తీర్చాడు. వాటిని తలెత్తి చూసిన వాడు లేడు. నేను తప్పు పెట్టిన కన్నానికి మాత్రం జనం కళ్ళు తుడుచుకుంటున్నారు.

బస్సులు తెచ్చేవాడి పేరు టోనీ. అసలు పేరు బ్రెండన్, ఒహాయో రాష్ట్రం వాడు, ఒంట్లో ఇటలీ రక్తం చుక్క లేదు. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని గొంతు బొంగురు చేసుకుంటాడు. మా కంటే వాడే ఎక్కువ ఇటాలియన్! మా వీధివాళ్ళు సాన్ డొనాటో స్వామి పేరు మీద పెట్టుకున్న సంఘం హాల్లో ఒక పాత ఫోటో ఉంది. పన్నెండుమంది నల్లకోట్లవాళ్ళు, పక్కన నల్ల పెట్టెలు. పండగనాడు స్వామి ఊరేగింపు ముందు వాయించే మా బ్యాండు మేళం అది. పెట్టెల్లో ఉన్నవి సన్నాయిలూ బూరలూ. టోనీ దాన్ని చూపించి, "ఆ పెట్టెల్లో ఏమున్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు" అంటాడు. అందరూ తలలూపుతారు. డప్పు వాయించే బొజ్జాయన ముఠా నాయకుడయ్యాడు. బతికున్నప్పుడు ఆయన మాట ఇంట్లో కూడా చెల్లేది కాదు.

ఇంత వైభవం మధ్య అసుంట, వీధంతా అత్తా అని పిలిచే మా అసుంటత్త, ఒక్కతే మాకు కంట్లో నలుసు.

ఆమెకు తొంభై ఒకటి. వాళ్ళ నాన్న లిబెరాటో మా వీధిలో రొట్టెలు కాల్చేవాడు. ఆ రోజుల్లో డాన్ ఆర్కాంజెలో ఫ్రస్కా అని ఒక పెద్దమనిషి ఉండేవాడు. అందరూ పిండి తన దగ్గరే కొనాలన్నాడు. పురుగు పట్టిన పిండితో రొట్టె చెయ్యనని లిబెరాటో బస్తా తిప్పి పంపాడు. ఒక మంగళవారం ఉదయం డాన్‌గారు స్వయంగా వచ్చి, పొయ్యి దగ్గరే అతన్ని కాల్చి చంపారు. ఆ రొట్టెల కొట్టే ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్టు.

మొన్న మా సంఘం ఆ కొట్టు గోడకు ఇత్తడి ఫలకం పెట్టించాలని తలపెట్టింది. "డాన్ ఆర్కాంజెలో ఫ్రస్కా తన మాటకు ఎదురులేదని చాటిన చోటు." రాసింది టోనీ. బాగుంది కదూ? చదువుతుంటే ఒళ్ళు గగుర్పొడుస్తుంది!

అసుంటత్త కర్ర పట్టుకుని మీటింగుకు వచ్చింది. ఆమె కోరిక ఒక్కటే. ఆ ఫలకం మీద వాళ్ళ నాన్న పేరుండాలి. "లిబెరాటో ఇయానుచ్చి, రొట్టెలవాడు." అంతే.

టోనీ మర్యాదస్తుడు. కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"మామ్మగారూ, రొట్టెలవాడంటే జనం ఫోన్లు చూసుకుంటారండీ. మీ నాన్నగారు కూడా ముఠాలో మనిషే, వాటా దగ్గర తేడా వచ్చింది అని రాద్దాం. పేరు పెద్దక్షరాల్లో వేయిస్తా. ఏమంటారు?"

గమనించారా ఎంత ఉదారమైన బేరమో! చచ్చి ఇన్నేళ్ళయిన రొట్టెలవాడికి ఉచితంగా ప్రమోషను!

"నీ నోట్లో మన్ను పడ!" అంది అసుంటత్త. "ఆ ముఠాకి తల వంచలేదనే గదరా మా నాన్నని చంపిందీ! చంపినోళ్ళలో కలిపేస్తావా? ఇన్నేళ్ళూ నేను అడిగింది ఇంత గోడముక్క. అది కూడా చంపినోడికే ఇస్తారా?"

ఆమె నావైపు తిరిగింది. నేను సంఘం సెక్రటరీని.

"ఒరే నూంజియో, నువ్వు చెప్పు. ఆ రోజు రొట్టెల కోసం నిలబడ్డ లైన్లో రెండో మనిషి మీ తాత."

నాకు తెలియదనే అన్నాను.

"నాకు తెలుసు. ఐదేళ్ళదాన్ని, బల్ల కింద కూర్చునున్నా. నాకు కనిపించినవి బూట్లే. మీ తాత బూట్ల మీద ఎప్పుడూ సున్నం ఉండేది. మొత్తం పద్నాలుగు జతలు. తుపాకీ పేలేదాకా అన్నీ మా నాన్నవైపే ఉన్నాయి. పేలాక ఒక్కొక్కటే గోడవైపు తిరిగాయి. పోలీసులొస్తే పద్నాలుగుమందీ ఒకటే మాట: 'గోడవైపు తిరిగున్నాం, ఏమీ చూడలేదు.' ఆ గోడ మీద అంత చూడాల్సిందేముందిరా?"

చదువరులారా, నిజం చెప్పాలి. అది నాలుగడుగుల వెడల్పు గోడ. పద్నాలుగుమంది ఒకేసారి దానివైపు తిరగాలంటే ఒకరి భుజాలమీద ఒకరు ఎక్కాలి. పోలీసులు ఆ లెక్క వెయ్యలేదు. మా వాళ్ళు వెయ్యనివ్వలేదు. రొట్టెలవాడి శవయాత్రకు మాత్రం వీధి వీధంతా కదిలింది. అందరూ ఏడ్చారు. ఎవరూ నోరు విప్పలేదు. డాన్‌గారు ఒక పెద్ద పూలదండ పంపితే, దాన్ని అందరికంటే ముందు మోసుకెళ్ళారు!

ఆ నోళ్ళే ఇప్పుడు రోజుకు మూడుసార్లు మైకుల్లో విప్పుతున్నాం. డాన్‌గారు ఏ కోటు తొడిగేవారు, ఏ పాట వినేవారు, చిలకకు ఏం తినిపించేవారు, అన్నీ చెబుతాం. ఒక్క పేరు దగ్గర మాత్రం ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది. భయపడదామన్నా డాన్‌గారు పోయి యాభై ఏళ్ళయింది. అయినా అలవాటు అలవాటే!

"రొట్టెలవాడి పేరు పెట్టాలనేవాళ్ళు చెయ్యెత్తండి" అన్నాడు ప్రెసిడెంటు.

తొమ్మిదిమంది సభ్యులం. విటాలియానో కిటికీలోంచి బయటికి చూశాడు. ఎల్వియో కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. కర్ర నేలకు తగిలిన చప్పుడు వినిపించింది. అసుంటత్త వెళ్ళిపోతోందని దాన్నిబట్టే తెలిసింది. ముసలామె ఏడ్చిందా, తిట్టిందా, తలుపు దగ్గర ఆగి ఎవరైనా చెయ్యెత్తుతారేమోనని వెనక్కి చూసిందా అని మీరు నన్ను అడగవచ్చు.

నాకేం తెలుసు? నేను తల వంచుకుని మీటింగు మినిట్స్ రాస్తున్నాను. ఏమీ చూడలేదు.