వేలంపాటకు వంటావార్పు

లక్ష్మీకాంత్ బామ్మర్ది అజిత్ తెల్ల కారులో వస్తాడట. ఇద్దరు పెట్టుడు మనుషులతో ఉత్తుత్తి పాట పాడించి ఫంక్షన్ హాలును అగ్గువకు ఎత్తుకుపోతాడట. ఈ మాట గంగికి భూపాలపల్లిలో ఉన్న ఆమె మేనత్త కొడుకు చెప్పాడు, గంగి గోడ మీదుగా పక్కింటి సుగుణకు చెప్పింది. సుగుణ చెవిన పడేసరికి కారుకు నల్లద్దాలు కూడా వచ్చాయి.

సుగుణ రఘునాథపల్లిలో మెస్సు నడుపుతుంది. ఏళ్ల తరబడి పొయ్యి దగ్గర ఉడికి కూడబెట్టినదంతా లక్ష్మీకాంత్ మేకల కంపెనీలో పెట్టింది. కంపెనీ మునిగింది, లక్ష్మీకాంత్ జైలుకు పోయాడు, మేకలను మాత్రం ఎవరూ చూసిన పాపాన పోలేదు. ఊరి చివర ఉన్న అతని హాలును కోర్టు జప్తు చేసింది. వేలం వేయగా వచ్చిన సొమ్మును డిపాజిటుదారులకు పంచమంది. ఆ వేలం ఈ రోజే. హాలు అగ్గువకు పోతే సుగుణకు దక్కేది ఉప్పుకూ పప్పుకూ చాలదు.

"రోడ్డుకు అడ్డం కూసుందాం" అన్నాడు డిపాజిటుదారుల సంఘం పెద్ద యాకయ్య.

"ఉత్తగ కూసుంటె పోలీసులు లేపుతరు యాకన్నా" అంది సుగుణ. "వంటావార్పు పెడ్దాం. తెలంగాణ కోసం రోడ్డు మీద పొయ్యి ముట్టిస్తె ఆర్పే మొగోడెవ్వడు?"

ఉద్యమం ఊపు మీదున్న రోజులు. యాకయ్యను హాలు దగ్గర కాపలా పెట్టి, సుగుణ వరంగల్ రోడ్డు మీద పొయ్యి పేర్చి గుండిగ ఎక్కించింది. సంఘం వాళ్లకు సరిపోను బియ్యం పోసింది. అన్నం ఉడికేలోపే జెండాలు వచ్చాయి, డప్పులు వచ్చాయి, మైకు పట్టుకుని విద్యార్థి నాయకుడు కల్యాణ్ వచ్చాడు. ఆగిపోయిన బస్సుల డ్రైవర్లు దిగి ఉల్లిగడ్డలు కోశారు. టమాటాల లోడుతో ఇరుక్కున్న లారీ డ్రైవరు రెండు డబ్బాలు దించి, పప్పులో పులుపు తక్కువైందని వంక కూడా పెట్టాడు.

అప్పుడొచ్చింది తెల్ల కారు. అందులోంచి బుర్రమీసాల మనిషి దిగాడు.

"జర తొవ్వ ఇడువున్రి తల్లీ. వేలానికి పోవాలె."

సుగుణకు ఇంకేం కావాలి? "నల్లద్దాలు లేవు గదనే" అని గంగి గొణిగింది. "మనల మోసం చెయ్యనీకె తీసేసుంటడు" అని సుగుణ తేల్చేసింది.

"కూసో అన్నా, తిని పో. తెలంగాణ బువ్వ వద్దంటవా?"

చుట్టూ ఉన్న వాళ్లంతా ఆయన వైపు తిరిగారు. వద్దనే ధైర్యం ఆయనకు లేదు. విస్తరి ముందు కూర్చుని గబగబా తిన్నాడు. లేవబోతే పప్పు పడింది. ఏదో చెప్పబోతే పచ్చిపులుసు పడింది. చెయ్యి అడ్డం పెడితే చెయ్యి మీదే అన్నం పడింది.

ఆయన మూడోసారి బెల్టు వదులు చేసుకుంటుండగా సుగుణ ఫోను మోగింది.

"అజిత్ గాడు పొద్దుగాల్నే రైలు దిగిండు!" యాకయ్య అరిచాడు. "వాడు, వాని మనుషులు దప్ప పాట పాడేటోడే లేడు. కోర్టు అమీను సారు పాట శురువు చేస్తున్నడు!"

సుగుణ గంటె గుండిగలో పడేసి బుర్రమీసాల మనిషి వైపు తిరిగింది. "మరి నువ్వెవ్వరన్నా?"

"అదే చెప్పనియ్యకపోతివి. నా పేరు కాటమయ్య, మాది భూపాలపల్లి. హాలు నాకు నచ్చింది, నాయమైన ధరకు పాడుదామని వచ్చిన. ఇప్పుడు లేస్తె చాలు."

అసలైన పాటగాణ్ణి తన చేత్తోనే కట్టేసింది. సుగుణ పరుగున కల్యాణ్ దగ్గరికి పోయి రోడ్డు తెరవమంది.

"సాయంత్రం దాక తెర్వం అక్కా."

"పొయ్యి ముట్టిచ్చిందే నేను గదరా!"

"ముట్టిచ్చుడు వరకే నీ చేతుల ఉంటది. ఇది ఉద్యమం."

సుగుణ ఒక్క క్షణం ఆలోచించి మైకు గుంజుకుంది. "తిన్నది అరగాలె! హాలు దాక ఊరేగింపు! జై తెలంగాణ!"

జనం జై కొట్టారు. కాటమయ్య చేతిలో జెండా పెట్టి అందరికంటే ముందు నడిపించింది. పొట్ట పట్టుకుని ఆయన, వెనక డప్పులు, ఆ వెనక ఊరు.

అమీను రెండోసారి అని మూడోసారికి నోరు తెరిచేసరికి ఊరేగింపు హాల్లో పడింది. తమను తన్నడానికే వచ్చారనుకుని అజిత్ మనుషులు కుర్చీల చాటుకు దూరారు. కాటమయ్య ఆయాసపడుతూనే తన ధర చెప్పాడు. ఏం జరుగుతోందో తెలియకపోయినా జనం జై కొట్టారు. అజిత్ కొంత పెంచాడు, కాటమయ్య ఇంకొంత పెంచాడు, జనం పైకప్పు లేచిపోయేలా అరిచారు. అజిత్ చెమట తుడుచుకుని కూర్చుండిపోయాడు. హాలు డిపాజిటుదారులు కలలో కూడా అనుకోని ధరకు పోయింది.

"మా పైసలు ఎన్నడు పంచుతరు సారూ?" సుగుణ గర్వంగా అడిగింది.

అమీను కాగితాలు సర్దుకున్నాడు. "పైసలు కోర్టుల పైలంగ ఉంటయి. జడ్జిగారు ఖరారు చేస్తె పంచుడే. కని వకీళ్లు కోర్టుకు వస్తలేరు గద. అగో, మీ వెనుకనే డప్పు కొడుతున్నరు."

సుగుణ వెనక్కి తిరిగింది. నల్లకోటు ఆయన డప్పు ఆపి నవ్వాడు.

"కోర్టుకు ఎన్నడొస్తరు వకీలు సాబ్?"

"తెలంగాణ వచ్చినంక."