పింగాణీకి పెట్టిన బొట్టు

ఆ శుక్రవారం ఉదయం కొవ్వూరు కాలేజీకి సైకిలు తొక్కుతూ సత్యప్రసాద్ సగం కలలోనే ఉన్నాడు. గోదావరి మీద మంచు ఇంకా విడలేదు. వంతెన మీద రైలు కనబడటం లేదు, చప్పుడు మాత్రం వస్తోంది. అతని ఎనిమిదేళ్ల పరిశోధన ఈ పూట తేలిపోతుంది. గాలి తీసేసిన గాజు జాడీలో పింగాణీ ముక్క నిలబెట్టి, ముప్పై వేల వోల్టులు ఎక్కించినా అది కరెంటును పారనివ్వదని పరీక్షాధికారి చంద్రరావు గారికి చూపించాలి. చూపిస్తే డాక్టరేటు. భార్య వెంకటదుర్గ "డాక్టర్ సత్యప్రసాద్" అని బోర్డు కూడా రాయించేసి బీరువా వెనక దాచింది.

ల్యాబులో అడుగు పెట్టగానే కల చెదిరింది. దసరాకి అటెండరు వీరాస్వామి మిషన్లన్నిటికీ బొట్లు పెట్టాడు. అది ఏటా ఉన్నదే. ఈసారి జాడీ ఎత్తి, లోపలి పింగాణీకి కూడా పెట్టాడు.

"ఏం పనయ్యా ఇది? వేలిముద్ర పడినా కరెంటు ఆ దారే పట్టుకుంటుంది!"

"అన్నిటికీ పెట్టి దాన్నొక్కదాన్నీ వదిలేస్తే దోషం కదండీ."

సత్యప్రసాద్ స్పిరిట్‌తో బొట్టు తుడిచేశాడు. "ఆరాక జాడీ మూసి పంపు వెయ్యి" అని చెప్పి, చంద్రరావు గారికి ఎదురెళ్లాడు.

వీరాస్వామి లెంపలేసుకున్నాడు. శుక్రవారం పూట బొట్టు చెరిపేశారు! సారుకి ఏం కీడు మూడుతుందో! ఆయన మేలు కోరేవాడు కాబట్టి మళ్లీ పసుపూ కుంకుమా తడిపి, ఈసారి ఆయన కంటబడకుండా వెనకవైపు పెట్టి జాడీ మూసేశాడు.

కాఫీలయ్యాయి. పంపు జాడీలో గాలి లాగేసింది. వోల్టేజీ పది వేలకు చేరింది, ఏమీ కాలేదు. సత్యప్రసాద్ కళ్ల ముందు బోర్డు మెరిసింది. పన్నెండు వేలు దాటగానే పింగాణీ వెనక నుంచి వంగపువ్వు రంగు వెలుగొకటి లేచి, కొమ్మలు వేసుకుంటూ ముక్కంతా పాకింది. ఠాప్‌మని చప్పుడు. కాలేజీ మొత్తం కరెంటు పోయింది. ఆ వెలుగు ఎంత బాగుందంటే, కొంప మునిగిందని గుర్తు రావడానికి అతనికి కాసేపు పట్టింది. గుర్తొచ్చాక ఏడుపొచ్చింది.

చంద్రరావు గారు జాడీ ఎత్తించి, టార్చి వేసి, మాడిన చారను మొదలు దాకా వెతుక్కుంటూ వెళ్లి, వెనకవైపు బొట్టు దగ్గర ఆగారు.

"కరెంటు పింగాణీని ఓడించడం ఎక్కడ మొదలవుతుందో ముందే చెప్పలేమని అందరం రాసుకుంటాం. మీరు గుర్తు పెట్టి మరీ సరిగ్గా అక్కడే మొదలుపెట్టించారు! కావాలనే పెట్టారాండీ?"

కలిసొచ్చే కాలానికి నడిచొచ్చే కొడుకు పుడతాడంటారు. సత్యప్రసాద్ వీరాస్వామి వంక చూసి, "పెట్టించానండి" అన్నాడు.

బోర్డు గోడెక్కింది. అచ్చయిన గ్రంథంలో ఆ బొట్టు పేరు "సేంద్రియ మాలిన్యం" అని పడింది. ఆ పేజీని వీరాస్వామికి ఇంతవరకూ ఎవరూ చదివి వినిపించలేదు.