బీల ఒడ్డున రెండు డబ్బాలు

ఆదివారం పొద్దున ఫణిశంకర్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. టెక్కలిలో ఆరింటి బస్సు ఎక్కాలి. పలాసలో దిగి యుగంధర్ కారెక్కాలి. ఉద్దానంలో పెంటయ్య ఊరి పక్కనున్న బీల ఒడ్డున గుడారం వేసుకుని, మర్నాటి దాకా కాళ్లు చాపుకుని కూర్చోవాలి. ముగ్గురూ పదో తరగతి దాకా ఒకే బెంచీ. ఇప్పుడు ఫణిశంకర్ టెక్కలిలో సర్కారు గుమాస్తా, యుగంధర్ పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ సూపర్‌వైజరు, పెంటయ్య రైతు. బీల అంటే కొబ్బరి తోటలకూ సముద్రపు ఇసుకకూ మధ్య ఏడాది పొడుగునా నిలిచి ఉండే సరస్సు. చూడ్డానికి బావుంటుంది. తాగడానికి కాదు.

ఫణిశంకర్ భయమంతా నీళ్ల గురించే. ఉద్దానంలో మనుషుల కిడ్నీలు పాడైపోతున్నాయి. ఎందుకో ఇన్నేళ్లయినా గట్టిగా తేల్చి చెప్పిన మొనగాడు లేడు. నీళ్ల వల్లే అని జనం అనుకుంటారు. అందుకని అతని భార్య శ్రీవల్లి గడప దగ్గరే ఆపింది.

"అక్కడ పుక్కిలించడానికైనా వాళ్ల నీళ్లు ముట్టుకోకండి. పలాసలో ప్లాంటు నీళ్ల డబ్బా కొనుక్కెళ్లండి. వింటున్నారా?"

"వింటున్నాను. పళ్లు కూడా ఇక్కడే తోముకున్నాను కదా."

పెంటయ్య భయం వేరు. పది రోజులుగా అతని పాదాలు వాస్తున్నాయి. రక్తపరీక్ష చేయించుకోమని భార్య భాగ్యలక్ష్మి పోరుతోంది. రెండేళ్ల కిందట అతని అన్న పరీక్షకు వెళ్లాడు, కాగితం మీద కిడ్నీ ఎంత పాడైందో చెప్పే క్రియాటినిన్ అంకె చూశాడు, ఆ ఏడాదే పోయాడు. అంకె చూడబట్టే పోయాడని పెంటయ్య నమ్మకం. చూడకపోతే ఆ అంకె ఉండదని ఇంకో నమ్మకం.

తొమ్మిదింటికల్లా గుడారం లేచింది. యుగంధర్ టీ కాచాడు. ఫణిశంకర్ రెండు గ్లాసుల టీ తాగాడు, దాని మీద రెండు గ్లాసుల నీళ్లు తాగాడు. మూడో గ్లాసు కోసం లేచినవాడు అలాగే నిలబడిపోయాడు. గుడారం పక్కన నీళ్ల డబ్బాలు రెండున్నాయి. రెండూ ఇరవై లీటర్లవి, రెండూ నీలం రంగువి, రెండిట్లోనూ నీళ్లు సగానికే ఉన్నాయి.

"ఒరే యుగంధర్, మనం తెచ్చింది ఒక డబ్బాయే కదా?"

"రెండోది పెంటయ్య తెచ్చినాడురా. సామాను కడగడానికి. ఆళ్లింట్లోది."

"టీకి ఏ డబ్బాలో నీళ్లు పోశావు?"

యుగంధర్ ఆ డబ్బా చూశాడు, ఈ డబ్బా చూశాడు. "ముందర కనబడిందాంట్లోంచి ఒంపీసినాను. ముందర ఏది ఉన్నాదో నాకేటి తెల్సు?"

నిజం చెప్పగలిగినవాడు పెంటయ్య ఒక్కడే. తెల్లారినప్పటి నుంచి ఊళ్లో కరెంటు లేదు, బోరు మోటారు ఆడలేదు. ఖాళీ డబ్బా తెచ్చి వీళ్ల డబ్బాలోంచే సగం ఒంపుకున్నాడు. రెండిట్లోనూ ఉన్నవి పలాస ప్లాంటు నీళ్లే. వీళ్ల మాటలు విని, ఆ సంగతి చెబుదామనే కొబ్బరి బొండాల గెల భుజాన వేసుకుని గుడారం దగ్గరికి వచ్చాడు. సరిగ్గా అప్పుడే ఫణిశంకర్ అన్నాడు:

"ఆ బోరు నీళ్లు మనుషులు తాగేవేనట్రా?"

పెంటయ్య నోరు మూసుకుపోయింది. నలభై ఎనిమిదేళ్లుగా అతను తాగుతున్నవి ఆ నీళ్లే. వీడు నాలుగు గ్లాసులకే చచ్చిపోతున్నాడు. ఒక గంట భయపడనీ అనుకుని, గెల దించి, నింపాదిగా పక్కన కూర్చున్నాడు.

"నడుం లాగుతన్నాదేటి ఫణీ?"

"లాగుతోందిరా."

"మొదట్లో అలగే ఉంటాది."

ఫణిశంకర్ మొహం సున్నం కొట్టినట్టయింది. జీడి పొదల చాటుకు వెళ్లొచ్చి, "నురగ వచ్చింది" అన్నాడు.

"నాకూ నడుమే" అన్నాడు యుగంధర్.

"నువ్వు పొద్దున్నుంచి గుడారం మేకులు కొట్టావురా."

"ఆ నొప్పి ఒకేపే. ఇది రెండేపులా."

ఫణిశంకర్ శ్రీవల్లికి ఫోన్ చేశాడు. ఆమె ఏడవలేదు, ఉద్యోగుల కుటుంబాల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. 'మావారు ఉద్దానంలో బోరు నీళ్లు తాగారు. నడుం నొప్పి. దయచేసి ఎవరైనా స్పందించండి.' అక్కడి నుంచి ఇంకో గ్రూపుకు వెళ్లేసరికి అది 'ప్రభుత్వ ఉద్యోగికి తీవ్ర అస్వస్థత' అయింది. ఆ పై గ్రూపులో పెద్దవాళ్లుంటారు. అక్కడికి చేరేసరికి 'ముగ్గురు ఉద్యోగులు కుప్పకూలారు' అయింది. తిరిగి తిరిగి అది పదకొండింటికి యుగంధర్ ఫోన్‌లోకే వచ్చి పడింది.

"ఒరే, ఇక్కడే బీల కాడ ఇంకో ముగ్గురు పడిపోయినారంట. ఒకడికి సీరియస్సంట."

"ఇక్కడ మనం తప్ప ఎవరూ లేరు కదరా" అన్నాడు ఫణిశంకర్.

"అవతలి ఒడ్డునుంటారు. పాపం, ఆళ్లూ ఇవే నీల్లు తాగుంటారు."

ఫణిశంకర్ అవతలి ఒడ్డు కేసి చూసి చేతులు జోడించాడు. అప్పటికే గంట దాటిపోయింది. ఇప్పుడు చెబితే ఇద్దరూ తంతారని పెంటయ్య బొండాలు కొట్టడం మొదలుపెట్టాడు.

పన్నెండున్నరకు అంబులెన్సు వచ్చింది. వెనకాల రక్తపరీక్షల వ్యాను, దాని వెనక మంచినీళ్ల ట్యాంకరు, దాని వెనక జీపులో ఒక ఆఫీసరు. ఆదివారం పూట. ఊరు ఊరంతా తోటల్లోంచి పరుగెత్తుకొచ్చింది. ట్యాంకరును చూసి ఆడవాళ్లు వచ్చిన దారినే వెనక్కి పరుగెత్తారు, బిందెల కోసం.

వ్యానులోంచి దిగిన డాక్టరమ్మ, "నీళ్లు తాగినవాళ్లు, ఊరివాళ్లు అందరూ వరసలో రండి. వేలు పొడిస్తే ఇక్కడికిక్కడే అంకె వచ్చేస్తుంది" అంది.

అంకె అన్న మాట చెవిన పడగానే పెంటయ్య చేతిలో బొండాం పడేసి డాక్టరమ్మకు అడ్డం వచ్చాడు. "మేడమ్, ఎవులికీ ఏటీ అవ్వనేదు. రెండు డబ్బాలూ ప్లాంటు నీల్లే. కరెంటు నేదని నానే ఒంపినాను. ఎల్లిపోండి మేడమ్."

"వాడి మాట నమ్మకండి. నాకు నురగ కూడా వచ్చింది" అన్నాడు ఫణిశంకర్.

"పరీక్షంటే భయపడేవాళ్లు రోజుకో కథ చెబుతారు" అంది డాక్టరమ్మ.

జనంలోంచి భాగ్యలక్ష్మి వచ్చి మొగుడి మణికట్టు పట్టుకుంది. గేదె పలుపు పట్టుకున్నంత గట్టిగా. "ఆళ్లన్న పోయినప్పట్నుంచి మా ఆయనకి అంకంటే బయ్యమమ్మా. తప్పించుకోడానికి ఏదైనా సెప్తాడు. ముందు ఈ ఏలు పొడవండి."

"ఒసే, నిజిమే సెప్తన్నాను."

"వాపు మొదలైనప్పుడు పాదాలు నాకు తెలీకుండా దుప్పట్లో దాసుకున్నావు సూడు, అదీ నిజిమేనా?"

ముగ్గురి వేళ్లూ పొడిచారు. ఫణిశంకర్‌కు సున్నా పాయింట్ తొమ్మిది, యుగంధర్‌కు ఒకటి. ఇద్దరి కిడ్నీలూ నిక్షేపంగా ఉన్నాయి. ఆ ముక్క వినగానే ఇద్దరి నడుంనొప్పులూ ఎటు పోయాయో పోయాయి. పెంటయ్య కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"నాకు సెప్పకండి. దానికి సెప్పండి."

డాక్టరమ్మ మిషను కేసి రెండుసార్లు చూసింది. "ఒకటి పాయింట్ ఎనిమిది."

భాగ్యలక్ష్మి ఇంకా మణికట్టు వదల్లేదు. పెంటయ్య కళ్లు తెరిచి, చచ్చిపోయానా లేదా అన్నట్టు చుట్టూ చూశాడు.

"ఎక్కువే. కానీ మొదట్లోనే దొరికింది" అంది డాక్టరమ్మ. "ఒళ్లునొప్పులకి మింగే గోళీలు ఈరోజుతో బంద్. బీపీ చూపించుకోవాలి, పలాసలో పెద్ద పరీక్షలు చేయించుకోవాలి. మంచి నీళ్లే తాగాలి. మీ అన్నలాగా అవ్వక్కర్లేదు. ఇంకో ఏడాది ఇలాగే దాక్కునుంటే మాత్రం నేనేమీ చెప్పలేకపోయేదాన్ని."

"మంచి నీళ్లు ఎక్కడున్నాయమ్మా?" అంది భాగ్యలక్ష్మి. డాక్టరమ్మ మందుల చీటీ రాసుకుంటూ ఉండిపోయింది.

ఫణిశంకర్ పెంటయ్యను పక్కకు లాగాడు. "నిజం చెప్పరా. ఆ నీళ్లు ప్లాంటువేనా?"

"మా అన్న మీద ఒట్టు. ఉత్తినే బయ్యపెడదామని ఊరుకున్నాను. సూడు, ఎవుడికి తగిలిందో."

ఈలోగా ఆఫీసరు కాగితం పట్టుకొచ్చాడు. "ఏ నీళ్లు తాగారో రాసి సంతకం పెట్టండి. ప్లాంటు నీళ్లే అంటున్నాడు కదా ఇతను. అదే నిజమైతే ఆ ట్యాంకరు వాల్వు తిప్పకుండానే వెనక్కి పంపేస్తాను. నాకూ ఆదివారమే."

ట్యాంకరు చుట్టూ అప్పటికే అరవై బిందెలున్నాయి. ఫణిశంకర్‌ది ఇరవై రెండేళ్ల సర్వీసు. కాగితం మీద అబద్ధం రాసి ఎరగడు. పైవాళ్లకు నచ్చని నిజమూ రాసి ఎరగడు. ఇది బయటపడితే ఉద్యోగం ఏమవుతుందో అతనికి బాగా తెలుసు. పెన్ను రెండుసార్లు జారింది. పెంటయ్య వాచిన పాదాల కేసి చూసి మూడోసారి పట్టుకున్నాడు.

'బోరు నీళ్లే తాగాను. నడుం ఇంకా లాగుతోంది' అని రాసి సంతకం పెట్టాడు.

ఆ అబద్ధం పుణ్యమా అని ఆ ఊరికి వారానికి మూడుసార్లు ట్యాంకరు వస్తోంది. అంతకుముందు ఊరివాళ్లు నిజం రాసి పెట్టుకున్న పదకొండు అర్జీలు ఇంకా పరిశీలనలోనే ఉన్నాయి.