చిరుగు వీధి మీదుగా వల

ఏటా వేట నిషేధం రోజుల్లో, సముద్రం అడుగున ఉన్న పరిశోధన కేంద్రంవారు కొత్తమొగ పల్లె మీద వల లాగుతారు. వలలో పడిన మనుషుల్ని కిందికి తీసుకుపోయి, కడిగి, తూచి, రకాల వారీగా విడదీసి సీసాల్లో భద్రపరుస్తారు. మనుషుల మీద కోపంతో చేసే పని కాదిది, దీర్ఘకాలిక పరిశోధన. ఒడ్డు మీది జీవరాశి ఏళ్ళ తరబడి ఎలా మారుతూ వస్తోందో తెలుసుకోవాలని అక్కడివారికి కుతూహలం.

పల్లెవాళ్ళు దీన్ని పెద్దగా తప్పుపట్టరు. మన పరిశోధన ఓడలు కూడా లోతు సముద్రం మీదికి వెళ్ళి, అడుగు తగిలేదాకా వల దించి, అక్కడి సముద్ర దోసకాయల్నీ నక్షత్ర చేపల్నీ గుడ్డి పీతల్నీ ఊడ్చి పైకి తెస్తూనే ఉన్నాయి. ఆ ఓడల మీద పనికి వెళ్ళొచ్చినవాళ్ళు పల్లెలో ఇంటికొకరున్నారు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఇంకొకడుంటాడని వాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

దీర్ఘకాలిక పరిశోధనకు ఒకటే ధర్మం, పద్ధతి మార్చకూడదు. అదే వల, అదే దారి, అదే వేగం. వల ఐసు ఫ్యాక్టరీ దగ్గర ఒడ్డెక్కి, పల్లె మధ్యగా సాగి, తుఫాను షెల్టర్ దాటి తిరిగి నీళ్ళలోకి దిగుతుంది. వల నోరు తెరిచి ఉంచే రెండు చెక్క పలకలూ ఆ దారిలో ఎంత లోతు గాడి తీశాయంటే, వానాకాలంలో పల్లెవాళ్ళు దాన్నే కాలవగా వాడుకుంటున్నారు. వేట నిషేధం రోజుల్నే ఎంచుకోవడానికి కారణం అందరికీ తెలిసిందే. పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, మనుషులు ఇళ్ళలో దొరుకుతారు.

ఒక ఏడు పల్లె పల్లెంతా ముందురోజే చుట్టాలిళ్ళకు వెళ్ళిపోయింది. వల ఖాళీగా పోయింది. ఆ ఏటి నివేదికలో "కొత్తమొగలో మనిషి అంతరించినది" అని వచ్చింది. రెవెన్యూ ఆఫీసులో మనుషుల్ని లెక్కపెట్టడానికి సిబ్బంది చాలక, కింది కేంద్రంవారి నివేదికనే ప్రమాణంగా తీసుకోవడం అప్పటికే అలవాటైపోయింది. దాంతో పల్లె మొత్తానికి రేషను ఆగింది. అంతరించినవాళ్ళకు బియ్యం ఎలా ఇస్తారు? అప్పట్నుంచీ వల వచ్చే రోజున ఆఫీసువారే ఆటోకు మైకు కట్టి, ఎవరూ ఊరు విడవవద్దని చాటింపు వేస్తున్నారు. ఎవరూ విడవడం లేదు కూడా.

వల కళ్ళు పెద్దవి కాబట్టి పిల్లలు జారిపోతారు. అందువల్ల నివేదిక ప్రకారం కొత్తమొగలో పిల్లలు లేరు, బడి మూసేశారు. కుర్రాళ్ళు వల చప్పుడు వినగానే పరుగెత్తి తప్పుకుంటారు. అందువల్ల కుర్రాళ్ళూ లేరు. మోకాళ్ళ నొప్పులవాళ్ళూ, చెవుడున్నవాళ్ళూ, పొయ్యి మీద కూర వదల్లేనివాళ్ళూ మాత్రం లెక్కకు అందుతారు. వల కన్ను కాస్త చిన్నది చేయించమని పంచాయతీ ఒకసారి తీర్మానం రాసింది. బడి కోసమే రాశారు, కానీ తల్లులు ఆ కాగితం పంపనివ్వలేదు. పంపినా కన్ను మారేది కాదు. పాత ఏళ్ళతో పోల్చడానికి వీలుండదు మరి.

కిందివాళ్ళు పైకి రాలేరు, వస్తే కళ్ళు వెలికొస్తాయి. మనవాళ్ళు కిందికి వెళితే నీటి బరువుకు అణిగిపోతారు. కాబట్టి ఇన్నేళ్ళుగా ఒకరినొకరు అధ్యయనం చేసుకుంటున్నా, బతికుండగా ఒకరినొకరు చూసుకున్నది లేదు. వాళ్ళ పుస్తకాల్లో మనిషి అంటే నోరు తెరుచుకుని ఉండే చదునైన జీవి.

ఇక చిరుగు వీధి సంగతి. వలకు ఎడమ పక్కన, మనిషి దూరేంత చిరుగొకటి చాలా ఏళ్ళుగా ఉంది. దారీ వేగమూ మారవు కనుక ఆ చిరుగు ఎప్పుడూ ఒకే వీధి మీదుగా పోతుంది. పల్లె అంతా బిక్కుబిక్కుమంటూ ఉండే పూట కూడా ఆ వీధివాళ్ళు గుమ్మాల్లో కూర్చుని తమ పని తాము చేసుకుంటారు. వల వాళ్ళ నెత్తి మీదుగా, చుట్టూ, ఏమీ తగలకుండా సాగిపోతుంది. దీనికి వాళ్ళు చెల్లించే మూల్యం ఒకటుంది. నివేదికలో ఆ వీధి దగ్గర ఏటా "జీవం లేదు" అని ఉంటుంది. జీవం లేని చోటికి కొళాయి వెయ్యరు.

ఆ వీధిలో తెడ్డు మసేను, అతని భార్య కాసులమ్మ ఉంటారు. మసేను వలలు బాగుచేస్తాడు. చిరిగిన వల కంటబడితే అతని చెయ్యి ఊరుకోదు. ఎవరి పడవదైనా సరే, అడిగినా అడక్కపోయినా కూర్చుని ముడులు వేసేస్తాడు. బావమరిది దినం నాడు కూడా భోజనాలు మానేసి పక్కింటివాళ్ళ వల పట్టుకు కూర్చున్నాడని కాసులమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. కాసులమ్మ చేపలమ్ముతుంది. ఆమె గొంతు షెల్టర్ దాకా వినిపిస్తుంది. ముందు వీధి నుంచి నీళ్ళు మోసి మోసి నడుం పడిపోయి, ఒకరోజు బిందె చంకన పెట్టుకునే ఆఫీసుకు వెళ్ళింది.

రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ జగన్నాథ పాత్రుడు మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు.

"మీ వీధిలో జీవం లేదమ్మా," అన్నాడు.

"మరి నానెవుల్ని బాబూ? నీ ఎదర కూకున్నాను గదా?"

"కూర్చున్నారు. కాదనను. నమూనాలో లేరు."

"ఆ వొలకి చిరుగుంది బాబూ. మా నెత్తి మీంచే పోతాది."

"చిరుగు మా పరిధిలోది కాదమ్మా," అని పాత్రుడు ఆమెకు మంచినీళ్ళు ఇప్పించాడు. ఆ నీళ్ళు తాగి కాసులమ్మ ఇంటికొచ్చింది. దాహం తీరింది కానీ మంట తీరలేదు.

ఆ ఏడు వల ఒడ్డెక్కుతూనే ఐసు ఫ్యాక్టరీ దగ్గరి కరెంటు స్తంభానికి తట్టుకుంది. కిందివాళ్ళు తాడు లాగుతారు, వల రాదు. చూడ్డానికి కొందరు చేరారు. తట్టుకున్న వల దగ్గర భయం లేదని పల్లెలో అందరికీ తెలుసు. మసేను కూడా వెళ్ళాడు. వల ఎడమ పక్క స్తంభం మీంచి జారి సరిగ్గా అతని మోకాళ్ళ మీద వాలింది. ఎదురుగా చిరుగు. ఇన్నేళ్ళూ కదిలిపోతుంటే చూసిందే తప్ప ఇంత దగ్గరగా చూడలేదు. అంచులు పీచులు పీచులుగా విడిపోయి, అసహ్యంగా ఉంది. మొలలో వల అల్లే సూది ఉండనే ఉంది.

అతను ఏదీ ఆలోచించలేదు. అంచులు కోసి సరిచేశాడు, కన్నుకు కన్ను కలిపాడు, ముడి వేశాడు. పక్కనున్నవాళ్ళు చూస్తూనే ఉన్నారు. వాళ్ళకూ తోచలేదు. బాగా జరుగుతున్న పనిని ఆపడం ఆ పల్లెలో ఎవరికీ అలవాటు లేదు. ఆఖరి ముడి బిగించి దారం పంటితో తెంపాడో లేదో, వల స్తంభం వదిలి కదిలింది. ఎంత నిండుగా ఉందో అనుకుంటూ మసేను దాన్ని వెనక నుంచి సంతోషంగా చూశాడు.

వల తన వీధి మలుపు తిరుగుతుంటే అప్పుడు గుర్తొచ్చింది.

పరుగెత్తాడు. కాసులమ్మ ఎప్పట్లాగే గుమ్మం ముందు పీట వేసుకుని కవళ్ళ చేపలు తోముతోంది. వల వస్తోందని తెలుసు, తలెత్తలేదు.

"కాసులూ, లెగే! చిరుగు నేదే!"

"ఏటి నేదు?" అని తలెత్తింది.

ఆ కేకకు మిగతా గుమ్మాలవాళ్ళు లేచి సందుల్లోకి పరుగెత్తారు. కాసులమ్మ గుమ్మంలో పీట మిగిలింది, కత్తిపీట మిగిలింది, సగం తోమిన చేపలు మిగిలాయి. మసేను నీళ్ళ అంచుదాకా వెళ్ళి నిలబడ్డాడు. వల మునిగేటప్పుడు కూడా ఎడమ పక్క ఒక్క ముడి సడల్లేదు. అతనికి తన చేతుల మీద పుట్టిన అసహ్యం అంతా ఇంతా కాదు. చాలాసేపు వాటిని ఉప్పునీళ్ళలోనే ఉంచాడు. వీధిలో ఎవరూ అతన్ని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

నివేదిక మామూలుగానే పోటుతోపాటు ఒడ్డుకు కొట్టుకొచ్చింది. పాత్రుడు స్వయంగా వీధికి వచ్చాడు. ముఖం వికసించి ఉంది.

"శుభవార్త! మీ వీధిలో జీవం నమోదైంది. కొళాయి మంజూరు."

"ఆవిడ గురించి ఏటి రాసేరు బాబూ?" అన్నాడు మసేను.

పాత్రుడు చదివాడు. "ఆడది. చదునైనది. చేతులకు చేపపొలుసు ఉన్నందున జలచరాలకు సమీప బంధువు కావచ్చు. నోరు తెరిచి ఉన్నది. ప్రశాంత స్వభావం."

ప్రశాంత స్వభావం అనేసరికి మసేనుకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కడ ఏడుపైందో వీధివాళ్ళకు తెలియలేదు. పాత్రుడు ఆగి, అది తగ్గాక మిగతాది చెప్పాడు.

"ఒక్క మాట. ఇది తాత్కాలికం. ఒక్క ఏడే కనబడినదాన్ని వాళ్ళు లెక్కలో ఉంచరు. పక్క వీధి నుంచి కొట్టుకొచ్చిందనో, పొరపాటనో రాసి కొట్టేస్తారు. మరుసటి ఏడు కూడా మీ వీధిలో ఎవరో ఒకరు కనబడితే అప్పుడు ఖాయం."

"కొట్టేత్తే?"

"అప్పుడు ఆవిడ లేనట్టే. మొదట్నుంచీ."

కొళాయి సరిగ్గా మసేను గుమ్మం ముందే వచ్చింది. వీధి ఆడవాళ్ళు పొద్దున్నే బిందెలతో చేరి, నీళ్ళు పడుతూ కాసులమ్మను తలుచుకుంటారు. మొదట్లో ఏడుస్తూ తలుచుకున్నారు, ఎండలు తగ్గేసరికి నవ్వుతూ తలుచుకోవడం మొదలైంది. నీళ్ళు మాత్రం తియ్యగా ఉన్నాయి. మసేను ఆ నీళ్ళు ముట్టలేదు. ముందు వీధికి వెళ్ళి, కాసులమ్మ బిందెతోనే మోసుకొచ్చుకున్నాడు. ఒక కత్తి సంపాదించి నూరిపెట్టుకున్నాడు. వల మళ్ళీ వచ్చినప్పుడు, తను వేసిన ముడులన్నీ తనే కోసేస్తానని అందరికీ చెప్పాడు.

వల వచ్చే రోజు కత్తి పట్టుకుని ఐసు ఫ్యాక్టరీ దగ్గర నిలబడ్డాడు. పక్కింటి సూరాడ ఎల్లమ్మ వెనకే వచ్చింది. కాసులమ్మను వదినా అని పిలిచిన మనిషి.

"కోసీకు అన్నయ్యా," అంది.

"కొళాయి పోతాదనా?"

"పోతే పోయింది కొళాయి. మొయ్యనేదేటి ఇన్నాళ్ళూ? వొదిన పోతాది. పొరపాటని రాసేత్తారంట గదా."

వల ఒడ్డెక్కింది. తడి ఇసుక మీద ఎడమ పక్క అతని కాళ్ళ ముందు నుంచే సాగుతోంది. తన ముడులు తను గుర్తుపట్టాడు. ఏడాది పాటు లోతులో నానినా నిలిచాయి. ఒక్కటి మాత్రం సడలింది. కత్తి మొనకు అందేంత దూరంలో ఉంది. వేలితో లాగితే చాలు, పక్కవి కూడా వాటంతటవే విడిపోతాయి. ఆ కంతలోంచి వీధి వీధంతా బతికి బయటపడుతుంది, కాసులమ్మ తప్ప.

అతను వలతోపాటు నాలుగడుగులు నడిచాడు. నడుస్తూనే ఆ ముడి బిగించాడు.

తరవాత అడ్డదారిన వీధిలోకి వచ్చి, కత్తి చూరులో దోపి, గుమ్మం ముందు కాసులమ్మ పీట వాల్చుకుని కూర్చున్నాడు. వీధివాళ్ళు సామాను సర్దుకుని వల అందని షెల్టర్ మేడ మీదికి పోతున్నారు. ఒకరిద్దరు అతని దగ్గర ఆగి వెళ్ళిపోయారు. ఎల్లమ్మ అందరికంటే ఆఖర్న బయల్దేరింది. చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. మలుపు దాకా పోయి వెనక్కి తిరిగింది.

"అన్నయ్యా, ఆ కొళాయి కింద బిందె నిండిపోనాది. కుసింత పక్కకెట్టు, వొల తగుల్తాది."

మసేను లేచి బిందె గోడవారకు జరిపాడు. నీళ్ళు వృథా పోకుండా కొళాయి కట్టేసి, మళ్ళీ వచ్చి పీట మీద కూర్చున్నాడు.