సంబంధిత అధికారి గారికి

సోమవారం ఉదయం విషయం సారు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. మొదటి పీరియడ్‌లో పిల్లలకు ఈమెయిల్ మర్యాదలు చెప్పాలి. రెండో పీరియడ్‌లో వాళ్ల చేత ఒక మెయిల్ రాయించాలి. గురువారం నాటికి ఉద్యోగం పర్మినెంట్ చేయించుకోవాలి. మొదటి రెండూ ఆయన చేతిలో ఉన్న పనులే. మూడోదే పదకొండేళ్లుగా చేతికి చిక్కడం లేదు.

ఆయన అసలు పేరు కాలేజీ రికార్డుల్లో ఎక్కడో ఉంది. పిల్లల్లో ఎవరు ఏ మెయిల్ పెట్టినా, "పైన విషయం ఏదీ? విషయం రాయకుండా విషయం ఎలా తెలుస్తుంది?" అని నిలదీస్తాడు కనక విషయం సారు అయ్యాడు. ఆయన కాంట్రాక్టు లెక్చరర్. అంటే ఏటా పది నెలలు పాఠాలు చెప్పి, సెలవుల్లో ఇంటికి వెళ్లి, తను చేస్తున్న ఉద్యోగానికి తనే మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. స్టాఫ్ రూమ్‌లో పద్నాలుగు కుర్చీలున్నాయి. పద్నాలుగింటి వెనకా పర్మినెంటు వాళ్ల పేర్లు అతికించి ఉన్నాయి. ఎవరు క్లాసుకు వెళ్తే వాళ్ల కుర్చీలో ఈయన కూర్చుంటాడు, వాళ్లు రాగానే లేస్తాడు. ఇది ఎంత ఒంటపట్టిందంటే, ఇంట్లో భార్య గదిలోకి వచ్చినా సగం లేచి నిలబడతాడు.

ఈ మర్యాదల క్లాసు ఊరికే రాలేదు. పోయిన వారం కాలేజీ చైర్మన్‌కు ఎవడో కుర్రాడు మెయిల్ పెట్టాడు: హాయ్ అంకుల్, థర్డ్ ఫ్లోర్‌లో నీళ్లు రావట్లేదు, కొంచెం చూడండి. నీళ్లు రాకపోవడం చైర్మన్‌ను పెద్దగా బాధించలేదు కానీ, అంకుల్ అన్న మాట గుండెల్లో దిగబడిపోయింది. ఆయన ప్రిన్సిపాల్‌ను పిలిచి చీవాట్లు పెట్టాడు. ప్రిన్సిపాల్ విషయం సారును పిలిచి, గురువారం కమిటీ మీటింగు ఉందనీ, ఈలోపు పిల్లలకు మెయిల్ రాయడం నేర్పితే మీ పర్మినెంట్ ఫైలు నేనే పైన పెడతాననీ మాట ఇచ్చాడు.

ఆ సంగతి చెబితే భార్య నవ్వలేదు. "ఫైలు పైన పెడతానన్నారా, సంతకం పెడతానన్నారా?" అని అడిగింది. ఆమె అన్నయ్య ఏటా సెలవుల్లో ఫోన్ చేసి, బావగారికి ఈసారైనా అయిందా అని మెత్తగా వాకబు చేస్తాడు. ఆ మెత్తదనం భరించలేక, ఈ ఏడు ఆమె ముందే ఫోన్ చేసి అయిపోయినట్టేనని చెప్పేసింది. ఇప్పుడు కాకపోతే పోయేది ఉద్యోగం ఒక్కటే కాదు.

క్లాసులో అరవై నలుగురు. విషయం సారు బోర్డు మీద రాస్తూ, ఒక్కో సూత్రం గుక్కతిప్పుకోకుండా చెప్పుకుపోయాడు. చేదు మాట ఎప్పుడూ మధ్యలో పెట్టాలి, ముందు కృతజ్ఞత, చివర శుభాకాంక్ష. ముఖ్యమైన మెయిల్ అయితే పై అధికారికీ ఒక కాపీ పోవాలి. మనకు మెయిల్ వస్తే ఇరవై నాలుగు గంటల్లో జవాబు ఇవ్వాలి. మనం పెట్టినదానికి రెండు రోజుల్లో జవాబు రాకపోతే మర్యాదగా గుర్తు చేయాలి. ఆఫీసు వేళకే అందేలా మెయిల్‌కు ముందుగానే టైము పెట్టుకునే సదుపాయం ఉంది, దాన్ని వాడుకోవాలి. అరవై నలుగురూ ఆవలిస్తూ రాసుకున్నారు.

చెడ్డ మెయిల్‌కు ఒక ఉదాహరణ చూపించాలి. పుస్తకంలో ఉన్నది చప్పగా ఉంది. అప్పుడు ఆయనకు తన మెయిల్‌లోనే పంపకుండా దాచుకున్నది ఒకటి గుర్తొచ్చింది. పోయిన సెలవుల్లో దరఖాస్తు నింపుతూ నింపుతూ ఒళ్లు మండి రాసింది అది. పేర్లు లేవు కదా, ఎవరికి తెలుస్తుందిలే అనుకుని తెర మీద వేశాడు.

"ప్రిన్సిపాల్‌గారూ, పదకొండేళ్లుగా మీ కాలేజీలో చాకిరీ చేస్తున్నా. కూర్చోడానికి కుర్చీకి కూడా దిక్కులేదు. మీ ఇంటి వరండాలో మీ కుక్కకైనా ఒక చాప ఉంది. నేను మీకు మనిషిలా కనపడుతున్నానా లేదా? ఈసారి దరఖాస్తు పెట్టను. ఏం చేసుకుంటారో చేసుకోండి."

క్లాసులో ఆవలింతలు ఆగిపోయాయి. పదకొండేళ్లలో ఆయన క్లాసు అలా ఎప్పుడూ లేదు. వెనక బెంచీ నుంచి ఎవరో, "తర్వాత ఆయనకేమైంది సార్?" అని అడిగారు.

"ఏమీ కాలేదు. పంపలేదు" అన్నాడు విషయం సారు. వెంటనే సర్దుకుని, "పంపి ఉండడు" అన్నాడు.

ఇదే సంగతిని మర్యాదగా తిరిగి రాయమన్నాడు. అయిదు మార్కులన్నాడు. ముందు బెంచీలో కూర్చునే ఫస్టు ర్యాంకు అమ్మాయి లేచి, ఎవరికి పంపాలని అడిగింది. అప్పుడే రెండో పీరియడ్ అయిపోయిన గంట కొట్టారు. "సంబంధిత అధికారికి ఇంటి దగ్గర రాయండి, నాకొక కాపీ పెట్టండి" అని ఆయన హడావిడిగా బయటికి నడిచాడు. ఆయన ఉద్దేశం, పైన అలా ఉత్తుత్తిగా రాసి తనకు చూపించమని. ఆ అమ్మాయి ఏదీ ఉత్తుత్తిగా చేసే రకం కాదు. కాలేజీ వెబ్‌సైట్ తెరిచి ప్రిన్సిపాల్ అడ్రసు తీసింది. పై అధికారికి కాపీ పోవాలి కనక చైర్మన్ అడ్రసూ తీసింది. రెండూ క్లాసు గ్రూపులో పెట్టింది.

ఆయన ఇచ్చిన హోంవర్కు ఇన్నేళ్లలో తొమ్మిది మందికి మించి చేసిన పాపాన పోలేదు. ఆ సాయంత్రం అరవై నలుగురూ చేశారు.

మంగళవారం ఉదయం మెయిల్ తెరవగానే విషయం సారు కళ్లు చెమర్చాయి. అన్నిటికీ పైన విషయం ఉంది. కుర్చీ కొరకు వినమ్ర విన్నపం. కుర్చీ గురించి తమ దయ. ఒకడైతే, మీ వరండాలోని శునకమునకు కల్పించిన చాప సౌకర్యం పట్ల హర్షం తెలుపుతూ, అటువంటి సౌకర్యం నాకును కల్పించగలరని ఆశిస్తున్నాను అన్నాడు. ముందు కృతజ్ఞత, మధ్యలో చేదు, చివర శుభాకాంక్ష. తను చెప్పింది చెప్పినట్టు రాశారని మురిసిపోతూ ఎవరికి పంపారో చూశాడు. చూశాక కుర్చీ కోసం వెతికాడు. అన్నిట్లోనూ ఎవరో ఒకరు కూర్చుని ఉన్నారు.

ప్రిన్సిపాల్ అప్పటికే నలభై మెయిళ్లు చదివి ఉన్నాడు. పద్దెనిమిదేళ్ల పిల్లలు పదకొండేళ్లుగా సేవ చేస్తున్నామని రాస్తే, ఆ లెక్క ఎవరిదో కనుక్కోవడానికి ఆయన పెద్దగా తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. ఇది హోంవర్కు అని విషయం సారు నెత్తీ నోరూ కొట్టుకున్నాడు.

"హోంవర్కు చైర్మన్‌గారికెందుకు పోయిందండీ?" అన్నాడు ప్రిన్సిపాల్. "మా కుక్క సంగతి వాళ్లకెలా తెలుసు?"

జవాబు వినకుండానే, ఇలాంటి మెయిళ్లు తక్షణం ఆపాలని ఆయన క్లాసు మొత్తానికి ఒక మెయిల్ కొట్టాడు. మెయిల్ వస్తే ఇరవై నాలుగు గంటల్లో జవాబివ్వాలి కదా. మధ్యాహ్నానికల్లా అరవై నాలుగు జవాబులు వచ్చాయి, మీ విలువైన సూచన అందింది, కృతజ్ఞతలు అంటూ, చైర్మన్‌కు కాపీతో.

విషయం సారు వరండాలో ఫస్టు ర్యాంకు అమ్మాయిని పట్టుకుని, ఇక ఆపండమ్మా అని బతిమాలాడు. ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. బుధవారం పదింటికి గుర్తుచేసే మెయిళ్లు వెళ్లేలా అందరూ ముందే టైము పెట్టేశారట. ఎందుకమ్మా ఇంత పట్టుదల, అయిదు మార్కులకేనా అన్నాడు ఆయన.

"మార్కులక్కాదు సార్. అది మీరు రాసిందేనని అందరికీ తెలుసు. అందుకే ఒక్కళ్లు కూడా ఎగ్గొట్టలేదు."

ఆయనకు ఇక తిట్టబుద్ధి కాలేదు. పోయి టైము తీసేయండమ్మా అని మాత్రం అన్నాడు. ఇరవై మంది తీసేశారు. తీసేసినందుకు క్షమాపణ కోరుతూ ఆ ఇరవై మందీ ప్రిన్సిపాల్‌కు విడిగా మెయిల్ పెట్టారు. మిగిలిన నలభై నాలుగూ బుధవారం పదింటికి ఠంచనుగా వెళ్లాయి. ప్రిన్సిపాల్ మెయిల్‌బాక్సులో ముందే బొమ్మలూ ఫైళ్లూ కిక్కిరిసి ఉన్నాయేమో, పదకొండింటికి అది నిండిపోయింది. విషయం సారును పర్మినెంట్ చేయమని డిపార్ట్‌మెంట్ హెడ్ మూడు నెలలుగా రాస్తానంటూ చివరికి రాసిన సిఫారసు పదకొండున్నరకు బయల్దేరింది. నిండిందని తిరిగొచ్చింది. తను పంపాననీ, తిరిగొస్తే తన పూచీ కాదనీ హెడ్ చేతులు దులిపేసుకున్నాడు.

గురువారం కమిటీ గది బయట విషయం సారు నిలబడ్డాడు. అక్కడున్న బెంచీ సందర్శకుల కోసమని అటెండరు చెప్పాడు. లోపలి నుంచి నవ్వులు వినిపించాయి. గంట తర్వాత తలుపు తెరుచుకుని చైర్మన్ బయటికొచ్చి, నేరుగా ఈయన భుజం తట్టాడు.

"మాస్టారూ, ఏం నేర్పారండీ పిల్లలకి! నన్ను అంకుల్ అన్నవాడే గౌరవనీయులైన చైర్మన్‌గారికి అని రాశాడు. మీ సంగతి ఇవాళే తేల్చేశాం. రేపు మెయిల్ వస్తుంది."

విషయం సారుకు కాళ్లు నేల మీద ఆగలేదు. భార్యకు ఫోన్ చేశాడు. ఈసారి సంతకం పెట్టారా అని ఆమె అడగలేదు. ఆ సాయంత్రమే అన్నయ్యకు ఫోన్ చేసి, అయిపోయింది అని చెప్పింది. ఈసారి అయిపోయినట్టే అనలేదు.

శుక్రవారం ఉదయం అటెండరు స్టాఫ్ రూమ్‌లోకి ఒక కొత్త కుర్చీ మోసుకొచ్చాడు. ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. వెనక కాగితం మీద విషయం సారు అసలు పేరు అచ్చేసి అతికించి ఉంది. ఆయన చాలాసేపు దాని చుట్టూ తిరిగి, చివరికి కూర్చున్నాడు. అప్పుడే మెయిల్ వచ్చింది.

పైన విషయం ఉంది: మీ సేవల గురించి. గౌరవ సంబోధన ఉంది. మొదటి పేరాలో కృతజ్ఞత: విద్యార్థులు మెయిల్ రాయడంలో సాధించిన అసాధారణ ప్రగతిని కమిటీ ఏకగ్రీవంగా అభినందించింది. మధ్య పేరాలో సంగతి: అరవై నలుగురు విద్యార్థులూ పూర్తిగా నేర్చుకున్నందున ఈ పాఠం ఇక అవసరం లేదని భావించి, ఈ నెలాఖరుతో మీ కాంట్రాక్టు ముగించడమైనది, వచ్చే ఏడు దరఖాస్తు పెట్టనవసరం లేదు. అయితే కుర్చీ గురించిన మీ విన్నపాన్ని మన్నించి, నెలాఖరు వరకు వాడుకునేందుకు ఒకటి మంజూరు చేయడమైనది. చివర శుభాకాంక్ష. కింద సంతకం ఆఫీసు గుమస్తాది, ఆరేళ్ల కిందట ఇదే క్లాసులో మూడో బెంచీలో కూర్చున్న కుర్రాడు. చేదు మాట ఎక్కడ పెట్టాలో వాడు మర్చిపోలేదు.

విషయం సారు ఆ మెయిల్‌ను నాలుగుసార్లు చదివాడు. ఒక్క తప్పయినా దొరుకుతుందేమోనని వెతికాడు. అయిదుకు అయిదు వేయక తప్పేట్టు లేదు. ఏడుపొచ్చింది. దాన్ని మింగేసరికి ఫోన్ మోగింది.

"మెయిల్ వచ్చిందా? ఏం రాశారు?" అంది భార్య. "అన్నయ్య లైన్లోనే ఉన్నాడు, మీకు శుభాకాంక్షలు చెప్తాడట."

"కుర్చీ వచ్చింది" అన్నాడు విషయం సారు. అవతల ఆమె మిగతాదంతా అర్థం చేసుకుని, అన్నయ్యను తర్వాత మాట్లాడతాలే అని పంపించేసింది.

మెయిల్ వస్తే ఇరవై నాలుగు గంటల్లో జవాబివ్వాలి. ఆయన ఫోన్లోనే జవాబు మొదలుపెట్టాడు. ఇంతలో తలుపు తోసుకుని లెక్కల లెక్చరర్ లోపలికొచ్చాడు. పదకొండేళ్ల అలవాటు ఊరుకుంటుందా, విషయం సారు లేచి నిలబడ్డాడు. లెక్కల లెక్చరర్ కొత్త కుర్చీని ఎగాదిగా చూసి, బాగుందే అంటూ అందులో కూలబడ్డాడు.

విషయం సారు నిలబడే టైపు చేశాడు: కుర్చీ అందినది, కృతజ్ఞతలు.